ఒక నిమిషపు సంగీతము

చలనచిత్రమును ప్రదర్శించుటకు ముందు దాని వార్తను జనులకు తెలుపుట మొదటినుండియు నున్న ఆచారమే. టూరింగు టాకీసులు పల్లెలకు వచ్చు దినములలో ఎద్దుబండికి రెండు వైపుల రంగుల పటములు కట్టి, తప్పెట మ్రోగించుచు వీధివీధి త్రిప్పెడివారు. ప్రొద్దు గ్రుంకగానే గుడారము ముందున్న లౌడ్‌స్పీకరులో భక్తిగీతముల రికార్డు వినబడెడిది. ఆ పాట చెవిని బడినంతనే చుట్టుపట్ల గ్రామములవారు త్వరత్వరగా భోజనములు ముగించి, చాపలు చంకనిడుకొని బయలుదేరెడివారు. కథ యేదైనను కానిండు, ముందుగా ఊరిని చేరినది నాదమే.

నేడు ఆ బండి చేయు పనిని ట్రైలరు చేయుచున్నది. ట్రైలరనగా వెనుక ఈడ్వబడుచు వచ్చునది అని యర్థము. 1913లో న్యూయార్కు నగరమున నాటకశాలల ప్రచారోద్యోగిగా నుండిన నిల్స్ గ్రాన్‌లండ్ అను నతడు రానున్న యొక సంగీత నాటకమును గూర్చి చిన్న చిత్రమును కూర్చి ప్రదర్శించెను. తొలినాళ్లలో ఇట్టివి అసలు చిత్రము ముగిసిన పిమ్మట చూపబడుచుండెను గనుక వాని కాపేరు వచ్చినది. ఆట ముగియగానే జనులు లేచిపోవుట సహజము గదా! అందువలన ట్రైలరు క్రమముగా ముందునకు జరిగినది; పేరు మాత్రము వెనుకనే నిలిచిపోయినది.

సెల్‌ఫోను చేతికి వచ్చిన పిదప చిత్రములు తీయుట పెద్దల సొత్తు కాకపోయినది. 2017 నవంబరులో హైదరాబాదున జరిగిన 20వ అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవమున బాలలు స్వయముగా తీసిన చిత్రములకై 'లిటిల్ డైరెక్టర్స్' అను ప్రత్యేక విభాగమే యుండెను. పాఠశాలలలో పిల్లలు కథ వ్రాసికొని, వేషములు వేసికొని, వారముల తరబడి శ్రమించి చిత్రమును పూర్తిచేయుదురు. ఇంత శ్రమపడినవారు దాని ట్రైలరునకు సంగీతము నెన్నుకొనుటకు మాత్రము ఐదు నిమిషములైనను వెచ్చింపరు. ఆ నెలలో ఏ సినిమా పాట ఊరంతయు మ్రోగుచున్నదో దానినే తెచ్చి యతికించుదురు. ఇది తగని పని. ఏల తగదో ఒక ఉదాహరణము వలన తెలియగలదు.

ఆమడగూరు విద్యార్థులు కొందరు కూడి యొక చిత్రము తీసినట్లు భావింపుడు. ఆమడగూరు శ్రీసత్యసాయి జిల్లాలో కదిరి ప్రాంతమున, కర్ణాటక సరిహద్దునకు చేరువలో నున్న మండల కేంద్రము. 2022 ఏప్రిలు వరకు అది అనంతపురము జిల్లాలో నుండెను. ఆ ఉమ్మడి జిల్లాలో సాలుకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశమున ఇంత తక్కువ వాన చూచు సీమ మరొకటి లేదు. వాననే నమ్మి వేరుసెనగ విత్తుదురు; వాన మొగము చాటువేసిన యేడు పనికై బెంగుళూరు బస్సెక్కుదురు. పిల్లల చిత్రమునకు ఇదియే కథ. పైరు ఎండిపోగా తండ్రి కూలిపనికి బెంగుళూరు పోవును. కొడుకు ప్రతి సాయంకాలము బస్సు నిలుచు చోటికి వచ్చి చూచుచుండును. చిత్రము నిడివి 12 నిమిషములు, ట్రైలరు నిడివి ఒక్క నిమిషము. ఆ నిమిషములో నెఱ్ఱెలు విచ్చిన చేను, సంచిలో బట్టలు సర్దుచున్న తల్లి చేతులు, కదలుచున్న బస్సు, అది లేపిన దుమ్ము, ఆ దుమ్ములో నిలిచిన పిల్లవాడు కనబడుదురు.

ఇప్పుడు ఈ దృశ్యములపై ఒక అగ్రనటుని చిత్రములోని ఆవేశపు పాటను పెట్టి చూడుడు. డప్పులు దద్దరిల్లుచుండగా బస్సెక్కుచున్న తండ్రి యెవరిపైననో పగ తీర్చుకొనుటకు బయలుదేరినట్లు కనబడును. ఆ పాటను తీసివేసి పెండ్లి మేళమును పెట్టుడు. అదే తండ్రి అదే సంచితో బంధువుల యింటికి పెండ్లికి పోవుచున్నవాడగును. తల్లి చేతులలో కూడ తొందర కనబడును గాని దిగులు కనబడదు. దృశ్యములలో ఒక్క రేఖయైనను మారలేదు. మారినది చెవికి వినబడునది మాత్రమే. కన్ను చూచిన దానికి అర్థము చెప్పునది చెవియే యని ఈ చిన్న పరీక్ష వలన ఎవరైనను ఇంటివద్దనే తెలిసికొనవచ్చును.

మూడవ పర్యాయము విషాదముగా సాగు వయొలిను నాదమును పెట్టుదురు. ఇట్టివి అంతర్జాలమున వేలకొలది దొరకును. ఇది సరిపోయినట్లే తోచును. ఉపాధ్యాయులు కూడ తల యూపుదురు. కాని జాగ్రత్తగా వినుడు. ఆ నాదము ఏ దేశమున ఏ యింటిలో ఎవరికి కలిగిన దుఃఖమునకైనను సరిపోవును. అందరికిని సరిపోవు చొక్కాయి ఎవరి యొడలికిని కుదరనట్లు, అది ఆమడగూరు పిల్లవాని దుఃఖమునకు కుదరలేదు. చూచువాడు తనంత తాను కంటతడి పెట్టుటకు ముందే, ఇక నేడువుమని అది యాజ్ఞాపించుచున్నది. పగ పాట పెట్టినవాడు తెలియక తప్పు చేసినాడు. వయొలిను పెట్టినవాడు తప్పు చేయకపోయినను చిత్రమునకు మేలు చేయలేదు.

ట్రైలరు చిత్రమునకు మచ్చు. మండీలో వేరుసెనగ మూటనుండి పిడికెడు కాయలు తీసి చూపుదురు. కొనువాడు రెండు కాయలు ఒలిచి, పప్పు నలిపి, నోట వేసికొని బేరమాడును. పిడికిట గట్టి కాయలు చూపి మూటలో తాలుకాయలు అమ్మినవాని యొద్దకు మరుసటి సంతలో ఎవరును పోరు. పోరాటపు పాటతో ట్రైలరు చూపి, తండ్రికై యెదురుచూచు పిల్లవాని కథను చూపినచో వచ్చినవారికి విసుగు పుట్టును. ఆ విసుగు పాటమీదికి పోదు, పిల్లలు కష్టపడి తీసిన చిత్రము మీదికే పోవును.

ఇక్కడ వంగదేశపు చిత్రమొకటి స్మరింపదగియున్నది. 1955లో వెలువడిన 'పథేర్ పాంచాలి' సత్యజిత్ రాయ్ తీసిన మొదటి చిత్రము. చాలినంత ధనము లేక మధ్యమధ్య నిలిచిపోవుచు సంవత్సరముల తరబడి సాగిన పని యది. రవిశంకర్ దానికి సంగీతము కూర్చెను. తీరిక లేనందున సంగీతమునందు చాల భాగమును ఒక్క రాత్రిలోనే రికార్డు చేసిరి. కథలో హరిహరుడను తండ్రి బ్రతుకుతెరువునకై ఊరు విడిచి పోవును. అతడు లేని కాలమున కూతురు దుర్గ జబ్బుచేసి మరణించును. ఈ సంగతి తెలియక తిరిగి వచ్చిన తండ్రి, తాను తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా తీసి చూపుచు, కూతునకై తెచ్చిన చీరను భార్య చేతికిచ్చును. అంతవరకు మౌనముగా నున్న తల్లి సర్వజయ ఆ చీరను చూచి నోరు తెరచి గొల్లుమనును. కాని ఆమె గొంతు ప్రేక్షకులకు వినబడదు. ఆ యేడుపునకు బదులుగా తార్‌షెహనాయి అను కమాను వాద్యపు నాదము హెచ్చుస్థాయిలో వినబడును.

ఈ ఘట్టమునందు రెండు సంగతులు గమనింపవలయును. దర్శకుడు ఆ వాద్యమును దృశ్యమంతటను పరవలేదు. తండ్రి మాటలాడుచున్నంతసేపు అది లేదు. తల్లి నోరు తెరచిన క్షణముననే అది పుట్టినది. మరియు అది తల్లి యేడుపునకు అలంకారముగా రాలేదు, ఆమె గొంతే యయినది. సంగీతము లేనిచో ఆ దృశ్యమునకు ఏ లోటు కలుగునో ఆ లోటును పూరించు చోటనే సంగీతమునకు పని. తక్కిన చోట్ల అది అతిథి. పిలువని చోటికి రాకుండుటయే దానికి గౌరవము.

ఆమడగూరు పిల్లలకు రవిశంకరును పిలిపించుకొను భాగ్యము లేదు. కాని వారి సీమలోనే ఉరుము అను వాద్యము గలదు. అనంతపురము ప్రాంతమునకు ప్రసిద్ధి తెచ్చిన జానపద కళలలో ఉరుముల నృత్యమొకటి. ఉరుము రెండు ముఖములకు తోలు బిగించిన వాద్యము. ఒక ముఖమును పుల్లతో కొట్టుదురు. రెండవ ముఖమును వంగిన పుల్లతో రాయుదురు. ఆ రాపిడి వలన పుట్టు నాదమును ఒక్కమారు విన్నవారు మరువలేరు. అది దెబ్బ కాదు, మూలుగు. దూరమున కొండల వెనుక మబ్బు గొణిగినట్లుండును. గ్రామదేవతల జాతరలలో వరుసగా నిలిచి వారు దీనిని మ్రోగించుచు అడుగులు వేయుచుండగా పేరులో ఆమడ నుంచుకొన్న ఊరికి ఆమడ దూరము నుండి జనులు వచ్చుటలో వింత లేదు.

ఆకాశపు ఉరుమునకును ఈ వాద్యమునకును పేరొక్కటియే. వాన రాని యూరి కథ చెప్పు చిత్రమునకు ఇంతకంటె తగిన నాదము వెదకినను దొరకదు. బీడుపడిన చేను తెరపై కనబడుచుండగా ఉరుము మూలిగినచో, చూచువాడు తెలియకయే మబ్బు కొరకు పైకి చూచును. అక్కడ మబ్బు లేదు. పదిమాటలలో చెప్పవలసిన దానిని ఆ రాపిడి ఒక్కటియే చెప్పగలదు. ఈ సంగతి ఆ సీమలో పుట్టి పెరిగిన పిల్లలకు తెలిసినట్లు హైదరాబాదున కూర్చుండి సంగీతము కూర్చు పండితునకు కూడ తెలియదు.

ఉరుమొక్కటియే మార్గమని దీని భావము కాదు. భజనమందిరములో చెక్కభజన యున్నది. ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారున్నారు. ఆ యూరి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ లభించినది. బొమ్మలాటలో బొమ్మ అడుగు వేసినపుడు ఆడించువారు కాలిక్రింది బల్లను త్రొక్కి చప్పుడు చేయుదురు. ఏ కదలికకు ఏ శబ్దము పెట్టవలయునో నేర్చుకొన దలచిన పిల్లలకు అదియొక పాఠశాల. ఇక కదిరికి సమీపమున కటారుపల్లెలో వేమన సమాధి కలదు. తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి 1947లో 'యోగి వేమన' చిత్రమును తీసినపుడు నాగయ్య వేమనగా నటించి పద్యములను గానము చేసెను. ఆటవెలదిలో నున్న పద్యమును నెమ్మదిగా పాడుటకు 20 సెకండ్లు చాలును, అనగా ట్రైలరులో మూడవ పాలు. తరగతిలో గొంతు చక్కగా నున్న బాలిక హార్మోనియము కూడ లేకుండ దానిని పాడవచ్చును. శ్రుతి కొంచెము అటునిటైనను క్షమింపవచ్చును. అది ఆ యూరి గొంతు గదా.

వేమన పద్యమును పాడుకొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. కాని నాగయ్య పాడిన రికార్డును తీసికొని చిత్రమునకు అతికించుట వేరు సంగతి. పాట చెవికి ఒక్కటిగా వినబడినను చట్టము దృష్టిలో అందు మూడు పాళ్లున్నవి. మాటలు వ్రాసినది ఒకరు, వరుస కూర్చినది వేరొకరు, రికార్డు చేసినది ఇంకొకరు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము రచయితకును, సంగీతకర్తకును హక్కు జీవితకాలమునకు తోడు మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును. రికార్డునకు అది వెలువడిన యేటి పిమ్మట 60 సంవత్సరములు.

దీనికి అనంతపురము సీమలోనే చక్కని తార్కాణమున్నది. అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను. ఆయన సంకీర్తనల మాటలు ఇప్పుడు అందరివి. కాని వానిలో అనేకములకు నేటి కాలమున వరుసలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ జిల్లాలోని రాళ్లపల్లిలో 1893లో జన్మించి, 1979లో మరణించెను. కావున పాట ఐదు శతాబ్దముల నాటిదైనను, శర్మ కూర్చిన వరుసకు హక్కు 2039వ సంవత్సరాంతము వరకు నుండును. పాత పాట గదా యని తీసికొనువారు ఈ లెక్కను మరచుచుందురు.

పాఠశాల కార్యక్రమములలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మాత్రమే కూర్చుండి వినునపుడు రికార్డులు వినిపించుటకు చట్టము కొంత సడలింపు నిచ్చినది. అయితే ట్రైలరును ఎవరును గదిలో దాచుకొనరు. దానిని యూట్యూబులో పెట్టవలయుననియే చేయుదురు. అక్కడ పరుల పాటను పసికట్టు యంత్రములున్నవి. మరునాటికి చిత్రము మూగవోవచ్చును, లేదా కనబడకయే పోవచ్చును. కొందరు సంగీతకర్తలు తమ పేరు చెప్పిన చాలునను షరతుతో తమ కృతులను అందరి యుపయోగమునకు విడిచియున్నారు. అట్టివి తీసికొనుట తప్పు కాదు, షరతును చదివి పాటింపవలయును. అంతకంటె దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

చెప్పవలసినది మరొకటి యున్నది. సినిమా కంపెనీ పాటకు అనుమతి కావలెనని జంకు పిల్లలు, ఊరి ఉరుములవాని నాదమునకు అనుమతి యడుగవలెనని తలపరు. జాతరలో అందరి యెదుటను వాయించుచున్నాడు, సెల్‌ఫోను పైకెత్తినచో వచ్చి పడునని భావింతురు. వాయించువానికిని తన వాద్యముపై హక్కును చట్టము గుర్తించినది. చట్టము మాట యటుంచుడు. ఈ వాద్యమును కాపాడినవారిని ఊరు తరతరములుగా తన చివర నుంచినది. జాతర దినమున వారు ముందు నడువవలయును. జాతర మరునాడు వారిని పలుకరించు వారుండరు. పిల్లలు తీసిన చిత్రము కూడ వారి నాదమును పుచ్చుకొని వారిని గుమ్మము బయట నిలిపినచో, అందు క్రొత్తదనమేమున్నది? ఇంటికి పోయి, అయ్యా, మా చిత్రమునకు మీరు వాయింతురా యని యడుగవలయును. పనికి వచ్చిన దినమునకు కూలి యెంతయో అంతయైనను చేతికీయవలయును. కథ చెప్పి, దృశ్యములు చూపి, ఎక్కడ మ్రోగింపవలయునో ఆయననే యడుగవలయును. యాబదియేండ్లు జాతరలలో వాయించిన చేతికి ఎక్కడ నాపవలయునో తెలియును.

ఇంత కష్టమెందుకు, తెలిసిన పాటయైనచో పదిమంది ఎక్కువగా చూతురుగదా యని కొందరు వాదింతురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. తెలిసిన పాట చెవిని త్వరగా పట్టుకొనును. కాని అది పట్టుకొన్న చెవిని తన సినిమాలోనికి గొనిపోవును. పాట వినినంతనే చూచువాని మనస్సున ఆ నటుడు, ఆ నృత్యము, ఆ రంగులు మెదలును. బస్సువద్ద నిలిచిన పిల్లవాడు ఆ సందడిలో కనబడకపోవును. సినిమా పాటలు చెడ్డవని కాదు. చిత్రకథ యొక పెండ్లి బ్యాండువారిని గూర్చి యైనచో, వారు నిత్యము వాయించునవి సినిమా పాటలే గనుక, అవి ఆ కథకు చెందినవే. అప్పుడు కూడ అనుమతి పుచ్చుకొని, రికార్డును గాక ఆ బ్యాండువారి చేతనే వాయింపజేసిన మేలు. వారి క్లారినెట్టులోని అపశ్రుతి కూడ కథలోనిదే.

పని విధమును గూర్చి కొంత. మొదట ట్రైలరును శబ్దమేమియు లేకుండ చూడవలయును. అప్పుడును కథ తెలిసినచో సంగీతము తగ్గింపవచ్చును; తెలియనిచో దోషము సంగీతమునది కాదు, కూర్పునది. పిమ్మట నాదమును కన్నులు మూసికొని వినవలయును. నిమిషమునకు 60 దెబ్బల లయ యైనచో దెబ్బకొక సెకండు. దృశ్యమును దెబ్బపై మార్చుట సులభము. ప్రతి దెబ్బపైనను మార్చినచో మాత్రము గడియారమును చూచుచున్నట్లుండును. ఉరుమును రికార్డు చేయునపుడు సెల్‌ఫోనును వాద్యము ప్రక్కనే పెట్టరాదు, శబ్దము బద్దలై వినబడును. నాలుగైదు అడుగుల దూరమున, మెత్తని గుడ్డపై నుంచవలయును. గాలి వీచు బయలునకంటె మూడు ప్రక్కల గోడలున్న వసారా మేలు. అందరును వెళ్లిన తరువాత అచటనే ఒక నిమిషము ఊరక రికార్డు చేసి యుంచుకొనవలయును. ఊరి మౌనమునకును ఒక శబ్దమున్నది: ఎచ్చటనో మేక, ఎచ్చటనో బోరింగు పిడి. మాటల వెనుక పరచుటకు అది పనికివచ్చును.

అప్పుడు ఆ ట్రైలరు ఇట్లుండవచ్చును. చేను కనబడినపుడు గాలి తప్ప మరేమియు లేదు. తల్లి సంచి కట్టునపుడు గుడ్డ ముడిపడిన చప్పుడు. బస్సు తన చప్పుడుతో తాను పోవును. దుమ్ము అణగి పిల్లవాడు ఒంటరిగా కనబడినపుడు ఉరుము ఒక్కమారు మూలిగి, దెబ్బ పడకయే ఆగిపోవును. ఐదారు సెకండ్లు నిశ్శబ్దము. తెరపై చిత్రము పేరు, దానిక్రింద అంతే పెద్ద అక్షరములలో ఉరుము వాయించినవారి పేరు.